బొటనవేలి కొమ్ము

పోయినవారం భాగంలో గుండయ్యనూ అతని భార్య మాణిక్యమ్మనూ పశువుల కొట్టంలో నిలబెట్టి వచ్చాం. బేస్తవారం తెల్లవారుతుండగా, గుండయ్య కుడిచేతి బొటనవేలి కణుపు మీద మొలిచిన కొమ్ము ఊడి పాల బకీటు పక్కన పడింది. టాంగా లతీఫ్ తన గుర్రం తోకనుంచి పీకి ఇచ్చిన వెంట్రుకతో మాణిక్యమ్మ తొమ్మిదొద్దులుగా దాని మొదలు బిగిస్తూ వచ్చింది. పులిపిరి గట్లనే రాలుతదని వాడకట్టంతా చెప్పింది. రాలింది కూడా. కానీ కింద గడ్డ గడ్డలాగే ఉంది. గచ్చకాయంత. చుట్టూ నున్నటి గట్టు, నడుమ గుంత, గుంత అడుగున పచ్చి ఎరుపు.

"ఇగ డాక్టరమ్మ కాడికే," అన్నది మాణిక్యమ్మ.

వారం రోజులుగా ఆ మాటకు కస్సుమంటున్న గుండయ్య ఈసారి కాదనలేదు. తలుపు మీది గుడ్డసంచి తీసుకొని పోయి టాంగాలో కూర్చున్నాడు. అట్లా మారు మాట్లాడకుండా కూర్చోవడమే ఆమెకు నచ్చలేదు.

పోయేముందు బర్రెలకు ఇంత మేత వేద్దామని గడ్డిమోపు దగ్గరికి వెళ్లింది. మోపు తాడు కోయడానికి చూరులో చెయ్యి పెట్టింది. కొడవలి లేదు. ఆమె కాపురానికి వచ్చిననాటి నుంచి ఆ కొడవలి ఆ చూరులోనే ఉండేది. చీకట్లో కూడా చెయ్యి దాని పిడి మీదనే పడేది. ఎక్కడ పెట్టినవని అడగబోయి, టాంగాలో మొగని వీపు చూసి ఊరుకుంది. ముడి పంటితో విప్పింది.

బహదూర్‌పురాలో ఆ ఇల్లు జూ గోడకు దగ్గర. పొద్దుగూకేవేళ లోపల సింహం అరిస్తే కొట్టంలో ఆరు బర్రెలూ ఒక్కసారే నెమరు ఆపుతాయి. పాలు చేపవు. అప్పుడు గుండయ్య ఒక్కొక్కదాని పొదుగు మీద చెయ్యి వేసి ఏదో గొణిగితే చేపేవి. అతని చెయ్యికి ఆ గుణముండేది. బొటనవేలు లోపలికి మడిచి, కణుపుతో చన్ను నొక్కి పిండుతాడు. ఆ కణుపు మీదనే గడ్డ లేచింది. ఇప్పుడు వేలు మడవరాదు. చెయ్యి తగిలితే బర్రెలు కాలు విసురుతున్నాయి. తన్నడం కాదు మాణిక్యమ్మకు వింత. చెయ్యి దగ్గరికి రాకముందే వెనక్కి తిరిగి ఆ వేలునే చూస్తున్నాయి.

వాడకట్టు ఆడవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. గుండయ్య ఇంట్లో పదకొండేండ్లు ఒంటికొమ్ము బర్రె ఉండేది. కుడికొమ్ము గేటుకు తగిలి విరిగింది. దీపావళి మర్నాటి సదర్ పండుగకు దానికే దండ వేసి, కాళ్లకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి ఊరేగించారు. వారం తిరక్కముందే అది కొట్టంలో లేదు. చెల్లెకిచ్చిన, శంషాబాద్ దిక్కు పల్లెల సుఖంగ ఉంటదన్నాడు గుండయ్య. ఇంకొన్నాళ్లకే వేలి మీద కందిగింజంత ఎర్రగా లేచింది. వారానికి శనగంత. మరో వారానికి రేగుపండంత. ఆ తర్వాత నడుమ పగిలి, లోపలినుంచి గట్టిగా, గోధుమరంగుగా, మొన తేలి వచ్చింది.

దాని కొమ్ము వెతుక్కుంటూ వచ్చిందన్నారు ఆడవాళ్లు.

"గుండయ్య భాయ్," అన్నాడు లతీఫ్ పగ్గం లాగుతూ, "నా గుర్రం తోకల నాలుగు వెంట్రుకలే మిగిలినయ్. నీ వేలు బాగయ్యేలోపు నాది బోడతోక గుర్రమైతది. సవారీలు నవ్వుతున్నరు."

గుండయ్య నవ్వలేదు. ఒడిలో సంచి, సంచి మీద ఎడమచెయ్యి.

"ఫికర్ మత్ కరో, భయపడకు," అన్నాడు లతీఫ్, ఈసారి మాణిక్యమ్మతో. "ఆ డాక్టరమ్మ మా అమ్మీ కాలిపుండు బాగచేసింది. మాటలు కడక్, చెయ్యి మెత్తన."

మీరాలం చెరువు దిక్కు నుంచి ఎవరివో బర్రెల మంద ఎదురొచ్చింది. లతీఫ్ టాంగా పక్కకు ఆపాడు. ఎండ ఇంకా పలచగానే ఉంది, బర్రెల వీపుల మీద ఆవిరి లేస్తోంది. మందలో ఒక ముసలిది నడక ఆపి, టాంగా చక్రం దగ్గరికి వచ్చింది. మెడ చాపి గుండయ్య కుడిచెయ్యి వాసన చూసింది. గుడ్డ కట్టి ఉంది ఆ వేలికి. బర్రె నాలుక సాచి ఆ గుడ్డను ఒక్కసారి నాకింది, దూడను నాకినట్టు. మందకాడు కర్రతో అదిలిస్తే కదిలిపోయింది.

గుండయ్య చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కండ్లు మూసుకున్నాడు.

* * *

డాక్టర్ విమలాదేవి గది ఫతే దర్వాజా పోయే దారిలో, మందుల దుకాణం పైన. కిటికీకి ఆకుపచ్చ తెర. తెరలోంచి వచ్చే వెలుతురుకు గదిలో మనుషులు నీళ్లలో ఉన్నట్టు కనిపిస్తారు. ఆమెకు యాభై ఉంటాయి. కండ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, భూతద్దం పెట్టి, వేలును అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

"ఆ సంచి కింద పెట్టు, పెద్దాయనా. రెండు చేతులూ చూడాలె."

"ఉండనియ్యండి," అన్నాడు గుండయ్య. రెండో చెయ్యి చాపాడు, సంచి మోకాళ్ల నడుమ ఇరికించుకొని.

"ఎన్ని రోజులైంది లేచి?"

"ఆరు వారాలు," అన్నది మాణిక్యమ్మ.

"ఆరు నెలలు కాదు గదా? మంచిగ యాది చేసుకొని చెప్పమ్మా. నేను చెప్పేదంతా ఆ మాట మీదనే ఉంటది."

"సదర్ నాడు ఈ చేతితోనే బర్రెకు దండేసిండు. అప్పుడు ఏం లేదు. నేనే పసుపు కడిగిన ఈ చేతికి."

డాక్టరమ్మ తలూపింది. "మీ బర్రెల చన్నుల మీద పొక్కులు, పుండ్లు గిట్ల ఏమన్న ఉన్నయా? పాలు పిండేటోళ్లకు పశువు నుంచి గడ్డలంటుతయి. అవి తక్కువ ఫికర్."

"లేవు."

ఆమె అతని మోచేతి మలుపులో నొక్కింది. చంకలో చెయ్యి పెట్టి వెతికింది. "ఇక్కడ గడ్డలేం లేవు. మంచిదే. పైన ఊడిపోయింది ఉన్నదా, పారేసిన్రా?"

మాణిక్యమ్మ కొంగు ముడి విప్పి, తెల్లవారి రాలిన కొమ్ము బల్ల మీద పెట్టింది. చిటికెనవేలి గోరంత పొడవు. డాక్టరమ్మ బ్లేడుతో దాని అంచు చిన్న చెక్కు తీసి, పట్టకారుతో పట్టుకొని స్పిరిట్ దీపం మీద పెట్టింది. చెక్కు ముడుచుకుంది.

గదినిండా ఆ వాసన లేచింది. గుండయ్యకు చిన్నప్పటి నుంచీ తెలిసిన వాసన. పశువు కొమ్ము మొన కాల్చినప్పటి వాసన, గిట్ట మీద ఇనుము పెట్టినప్పటి వాసన. మనిషి ఒంట్లోంచి వచ్చిన ముక్క అట్లా వాసన కొట్టడం అతను ఎన్నడూ ఎరగడు. కుర్చీలో వెనక్కి ఒరిగాడు. పెదవులు తెల్లబడ్డాయి.

"కొమ్మేనా?" అన్నాడు.

"కొమ్మే," అన్నది డాక్టరమ్మ. "అబద్ధమెందుకు చెప్తా? నీ గోరు, నీ వెంట్రుక, బర్రె కొమ్ము, గిట్ట, అన్నీ ఒక్కటే సరుకు. మన తోలు రోజూ ఇంతింత తయారుచేస్తనే ఉంటది. ఒక్కోచోట తోలుకు లెక్క తప్పుతది. ఎక్కువ చేస్తది, తొందరగ చేస్తది. గడ్డ గిన్నెలాగ లేస్తది, గిన్నెల ఈ సరుకు కూరుకొని బయటికి పొడుస్తది. దీనికొక పేరుంది, కెరటోఅకాంథోమా. నువ్వు పలకనక్కర లేదు, నాకే నోరు తిరగదు."

"అంటే... కేన్సరా?" ఆ మాట మాణిక్యమ్మ చాలా మెల్లగా అన్నది, కొట్టంలో పాము పేరు ఎత్తడానికి భయపడ్డట్టు.

డాక్టరమ్మ కండ్లద్దాలు దించుకుంది.

"కొందరు డాక్టర్లు కాదంటరు. నేనైతే దాని మెత్తటి చెల్లె అనుకొని చూస్త. ఇది వచ్చుడు మస్తు జోరుగ వస్తది. చూసేటోళ్ల గుండె జారేటట్టు. అసలు చెడ్డది గింత జోరుగ పెరగదు, నెలలు, ఏండ్లు తీసుకుంటది. అందుకే నిన్ను వారాలు అడిగిన. అయితే చిక్కెక్కడంటే, ఆ చెడ్డది అప్పుడప్పుడు ఇదే వేషమేసుకొని వస్తది. ఇట్లనే గిన్నె, ఇట్లనే కొమ్ము. పైనుంచి చూసి ఇది అదా, అది ఇదా అని నేనే కాదు, ఎవరూ ప్రమాణం చేయలేరు. మీరు వెంట్రుకతో కోసింది గోపురం. నాకు కావాల్సింది పునాది. గట్టుతో, అడుగుతో సహా మొత్తం తీసి, నడిమికి చీల్చి, కింద వేర్లు ఎటు పోయినయో మైక్రోస్కోపుల చూడాలె."

"వేలు తీస్తరా?" గుండయ్య అడిగాడు. ఆ గదిలోకి వచ్చాక అతను తన వేలి గురించి అడిగిన మొదటి మాట అదే. ఆ వేలు లేకపోతే తాను ఏ బర్రె కిందా కూర్చోలేడని అతనికి తెలుసు. కొడుకులు లేరు. పిండే చెయ్యి ఇంట్లో అదొక్కటే.

"వేలెందుకు తీస్త? గడ్డ, దాని చుట్టూ ఇంత తోలు. తొడ మీంచి అంటు తీసి అతుకుత. నెలరోజులు ఎడమచెయ్యితో పిండుకో. లోపల వేరు లోతుగ పోయుంటే అప్పుడు వేరే మాట. అట్ల ఉండదనే అనుకుంటున్న. రేపు శుక్రవారం పొద్దుగాల రా."

గుండయ్య తల అడ్డంగా ఊపాడు.

"కోస్తే తీరదు, డాక్టరమ్మా. అది నాది కాదు."

"ఏది?"

"ఆ కొమ్ము. దానిది."

మాణిక్యమ్మ అతని వైపు తిరిగింది. గుండయ్య ఆమెను చూడకుండా తెర వైపు చూస్తూ చెప్పాడు.

"చెల్లెకియ్యలే. సదర్ దండ మెడలనే వాడిపోయి ఉన్నది. దళారి బుచ్చయ్య చేతిల తాడు పెట్టిన. కోతకు అని తెలిసే పెట్టిన. ఒట్టిపోయింది, దాణా దండుగ అనుకున్న. దండ పడ్డ పశువు మళ్ల సదర్ దాక గడప దాటొద్దని మా బాపు చెప్పిన మాట. దాటిచ్చిన. చాంద్రాయణగుట్ట కాడ మలుపు తిరుగుతుంటే అది నా దిక్కు తిరిగి చూసింది. కుడిపక్క నుంచి. కొమ్ము లేని పక్కనుంచి."

డాక్టరమ్మ స్పిరిట్ దీపం ఆర్పింది.

"గడప మీద ముగ్గు పెట్టినప్పుడల్ల," అన్నది మాణిక్యమ్మ, "అది చెల్లె ఇంట్ల బాగున్నదా అని అడిగిన. బాగున్నదన్నవు. సంకురాత్రికి పోయి చూసొద్దామంటే ఊ అన్నవు."

"అన్న."

"ఎంత తేలికగ అన్నవయ్యా."

డాక్టరమ్మ ఇద్దరి మధ్యకూ రాలేదు. గుండయ్య కుడిచెయ్యి మళ్లీ తన చేతిలోకి తీసుకుంది. భూతద్దం గడ్డ మీద కాకుండా ఈసారి వేళ్ల గీతల మీద, గోళ్ల సందుల మీద పెట్టింది.

"ఈ నలుపేంది? ఎంత కడిగినా పోనట్టున్నది."

"నూనె," అన్నది మాణిక్యమ్మ.

"ఏం నూనె?"

"లారీలల్ల వాడి తీసేసిన నూనె. కాలిన ఇంజను నూనె. పేలు, గోమార్లు పట్టకుండ బర్రెలకు రాస్తం. సదర్‌కు రాస్తే అద్దంలెక్క మెరుస్తయ్. ఆ ఒంటికొమ్ముదానికైతే విరిగిన మొద్దుల పురుగు పట్టకుండ ఐతారం ఐతారం పెట్టేది ఈయన. బొటనవేలితో ఒత్తి ఒత్తి."

"ఎన్నేండ్ల సంది?"

"పదకొండేండ్లు."

"చేతికి గుడ్డ గిట్ల చుట్టుకోకుండ?"

"పశువుకు పెట్టే నూనె మనిషికేం చేస్తదమ్మా?" అన్నాడు గుండయ్య.

డాక్టరమ్మ భూతద్దం బల్ల మీద పెట్టింది. "పెద్దాయనా, డాంబరు పని చేసేటోళ్ల చేతుల మీద, మిషన్ల నూనెల మునిగేటోళ్ల చేతుల మీద గిట్లాంటివి చూసిన నేను. ఎండల తిరిగిన ముసలోళ్ల మొహాల మీద చూసిన. నీకు ఇది నూనె నుంచే వచ్చిందని నేను ఒట్టు పెట్టను. కానీ అనుమానమైతే దాని మీదనే. ఏ బర్రే నీకు కొమ్ము పంపలే."

గుండయ్య తన వేలి మీది నలుపు చూసుకున్నాడు.

"నూనె నేను దాని కొమ్ముకే పెట్టిన గదా," అన్నాడు చివరికి. "అక్కడినుంచే వచ్చింది. మీరు చెప్పిందీ అదే. వాడకట్టోళ్లు చెప్పిందీ అదే."

డాక్టరమ్మ అతని చెయ్యి మెల్లగా బల్ల మీద పెట్టింది. తర్వాత అసలు విషయానికే వచ్చింది.

"సరే. నువ్వు రేపు రాకపోతే ఏమైతదో కూడ చెప్త. ఇది నేననుకున్నదే అయితే ఇంకొన్నాళ్లు పెరుగుతది, ఆగుతది. ఆ తర్వాత చానమందికి దానంతటదే కుంగుకుంట పోతది. ఇంత మచ్చ మిగులుతది. కాకపోతే, అది కుంగుతదని కూసుంటే, అది ఆ చెడ్డదైతే, అప్పుడు నిజంగనే వేలు పోతది. ఇంకా పైకి పాకితే చెయ్యి. అందుకే కూసోవద్దంటున్న."

"దానంతటదే పోతదా?" అన్నది మాణిక్యమ్మ.

"చానసార్లు పోతది."

"కోయకున్నా?"

"కోయకున్నా. కానీ..."

"ఏం చేయకున్నా పోతదా, అమ్మా?"

మూడోసారి అడిగినప్పుడు ఆమె గొంతు మారింది. డాక్టరమ్మ మాట ఆపి ఆమెను చూసింది. మాణిక్యమ్మ మొహం తడి ఆరిన గోడలాగా అయిపోయింది. రవికలో చెయ్యి పెట్టి చిన్న గుడ్డమూట తీసింది. ఒకప్పుడు పసుపురంగు ఉండాలి, ఇప్పుడు ఇటుకరంగు. ముడి గట్టిపడి విప్పరాలేదు. గోటితో గీరి గీరి విప్పింది.

లోపల ఇంకో కొమ్ము.

ఎండి, ముదిరి, చిన్నగా వంకర తిరిగి ఉంది. డాక్టరమ్మ దాన్ని తెల్లవారి రాలినదాని పక్కన పెట్టింది. రంగు తప్ప తేడా లేదు. ఒక తల్లి పిల్లల్లాగా ఉన్నాయి.

"ఇది ఎవరిది?"

"మా మామది. ఈయన బాపుది. అదే చెయ్యి. అదే వేలు. ఆయన కూడ బస్సు డిపో కాడ నూనె తెచ్చి రాసేటోడు."

గుండయ్య మెల్లగా తల తిప్పాడు. "మా బాపుకు ఎన్నడు లేదు గిట్లాంటిది."

"నువ్వు బర్రెలు కొననీకి నాందేడ్ దిక్కు పోయి మూడు నెలలు రాలే. అప్పుడు లేచింది. నాకు అప్పటికి కాపురానికొచ్చి ఏడాది." ఆమె డాక్టరమ్మతో చెప్తున్నట్టే చెప్పింది, భర్త వైపు చూడలేదు. "మామ ఏ బర్రెను అమ్మలే. ఏ దండ తెంపలే. చీమకు దారిచ్చే మనిషి. ఆయనకెందుకు లేచింది? బర్రె పగ అయితే ఆయనకెందుకు లేస్తదయ్యా? నూనెనే అది. ఇప్పుడన్న నమ్ము."

"ఆ పెద్దాయన ఎట్ల పోయిండు?" డాక్టరమ్మ అడిగింది.

"మూసీ ఒడ్డున గడ్డి కోస్తుంటే పాము కరిచింది," అన్నాడు గుండయ్య. చిన్నప్పుడు నేర్చిన పద్యంలాగా అన్నాడు. ఇరవై నాలుగేండ్లుగా అడిగినవాళ్లందరికీ అదే చెప్పాడు.

మాణిక్యమ్మ తల అడ్డంగా ఊపింది.

"పాము కాదు."

కింద దుకాణంలో ఎవరో బల్ల తలుపు దించారు. ఆ చప్పుడుకు ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

"చూసిన ఒకరిద్దరు రకరకాలుగ అన్నరు ఆయన్ని. ఒంట్లె దున్నపోతు చేరిందన్నరు. బొట్టు పెట్టి వేలు కోయిస్తే పోతదని ఒకడన్నడు. ఏం చేయబోతున్నడో ఎవలతోటి చెప్పలే మామ. పొద్దుగాల పాలు పిండి, బకీటు నాకిచ్చి, కొట్టం వెనుకకు పోయి..." ఆమె చేతిలోని గుడ్డ మడిచింది. "కొడవలితోటి బొటనవేలు ఆయనే తెంపుకున్నడు. రెండొద్దులకు దవడలు బిగుసుకుపోయినయ్. ఐదోనాడు పోయిండు, ఈయన నాందేడ్ నుంచి రాకముందే. ఈ ముక్క ఊడ్చుకుంటుంటే నాకు దొరికింది. అత్త నా నోరు మూసింది. కొడుక్కు తెలిస్తే వాడు బర్రె కింద కూసోడు, పాము కరిచిందని చెప్పు, ఈ కొడవలి పారేస్తే ఎందుకని అడుగుతరు, చూరులనే పెట్టు అన్నది. ఇరవై నాలుగేండ్లు దాంతోనే గడ్డి కోసిన. డాక్టరమ్మా, ఆయన ఏం చేయకుంటే కూడ పోయేటిదా అది? ఊకె కూసుంటే బతికేటోడా?"

డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

గుండయ్య బల్ల మీది రెండు కొమ్ములనూ చూస్తున్నాడు. అతని మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. వారాలుగా బిగిసి ఉన్న నుదురు వదులైంది. లెక్క తేలినవాడిలాగా ఉన్నాడు.

"అంటే," అన్నాడు నెమ్మదిగా, "బాపు ఇచ్చేసిండు."

"ఏంది ఇచ్చిండు?" అన్నది మాణిక్యమ్మ. "ఏమంటున్నవ్ నువ్వు?"

అప్పుడు ఆమె అరచేతికి పొద్దుటి చూరు గుర్తొచ్చింది. చెయ్యి పెట్టిన చోట కొడవలి పిడి లేకపోవడం, వేళ్లకు ఒట్టి తాటాకు తగలడం.

"ఏమయ్యా," అన్నది లేస్తూ, "ఆ సంచిల ఏమున్నది?"

గుండయ్య కుడిచెయ్యి బల్ల మీద ఉంది. నాలుగు వేళ్లు మడిచి, బొటనవేలు ఒక్కటే విడిగా, చెక్క అంచుకు ఆనించి పెట్టి ఉంది. ఎడమచెయ్యి మోచేతి దాకా సంచిలో ఉంది.